గుమ్మంలో నిలబడ్డ మనిషికి మనం ఏం బాకీ?

మే నెల మధ్యాహ్నం రెండు గంటలకి, బెజవాడలో ఎండ 44 డిగ్రీలు దాటిన రోజున ఇంటి బెల్లు మోగిందనుకోండి. బయట భోజనం తెచ్చిన కుర్రాడో, గ్యాస్ బండ మోసుకొచ్చిన మనిషో, కొరియర్ అమ్మాయో ఉంటారు. వాళ్ళకి మనం ఏం ఇవ్వాలి? నలుగురున్న ఇంట్లో ఈ ప్రశ్న అడిగితే నాలుగు జవాబులు వస్తాయి. తాతయ్య "జీతం తీసుకుంటున్నారుగా, ఇంకేం ఇవ్వాలి?" అంటారు. అమ్మ ముందు మంచినీళ్ళు ఇమ్మంటుంది. కొడుకు యాప్‌లో ఇరవై రూపాయలు టిప్ కొట్టేశాను, ఐదు స్టార్లు కూడా ఇచ్చానంటాడు. కూతురు "వాళ్ళు కింద నుంచి చేసిన మొదటి ఫోన్‌కే ఎత్తితే చాలదా?" అని అడుగుతుంది.

నాలుగు మాటల్లోనూ నిజం ఉంది. అందుకే ఈ విషయం తేలదు. జీతం, మామూలు, టిప్, జాలి, మర్యాద అన్నీ ఒకే ముడిలో పడిపోయాయి. మంచి మనసున్నవాళ్ళు కూడా ఎక్కడ ఎంత ఇవ్వాలో, ఎలా మాట్లాడాలో తెలియక ఒక రోజు అతిగా కరిగిపోతారు, మర్నాడు విసుక్కుంటారు. నాకు తోచినంతలో, సేవలు చేసేవాళ్ళకి మనం ముందుగా బాకీ ఉన్నవి మూడు. వాళ్ళ సమయం వృథా చేయకపోవడం, వాళ్ళ ఒంటి మీద అనవసరపు బరువు వేయకపోవడం, వాళ్ళది కాని తప్పుకి వాళ్ళని తిట్టకపోవడం. డబ్బూ, తీపి మాటా వాటి తర్వాత వస్తాయి. ఎందుకలా అంటున్నానో వివరిస్తాను.

జీతం ఎవరు ఇస్తున్నారు?

తాతయ్య మాటని కొట్టిపారేయకూడదు. పనికి దక్కాల్సింది జీతమే కానీ దయ కాదు అన్న న్యాయం అందులో ఉంది. చిక్కల్లా, మన గుమ్మం దాకా వచ్చేవాళ్ళలో చాలామందికి మనం అనుకునే అర్థంలో జీతమే లేదు.

భోజనం తెచ్చే కుర్రాడికి లెక్క ఆర్డరు చొప్పున కడతారు. బండి అతనిది, పెట్రోలు అతనిది, ఫోనూ డేటా ప్యాకూ అతనివి. హోటల్లో వంట ఆలస్యమైనా, మన వీధి దొరక్క పది నిమిషాలు తిరిగినా, ఆ నష్టంలో ఎక్కువ భాగం అతని రోజు సంపాదనలోంచే పోతుంది. నీతి ఆయోగ్ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2020-21లో దేశంలో 77 లక్షల మంది ఇలాంటి గిగ్ పనుల్లో ఉన్నారు. 2029-30 నాటికి 2.35 కోట్లకు చేరతారని అంచనా. చట్టం వీళ్ళని మొదటిసారి పేరు పెట్టి గుర్తించింది 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో. అది అమల్లోకి వచ్చింది 2025 నవంబరు 21న. యాప్ కంపెనీలు వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం ఒక నిధికి కట్టాలని, కార్మికులకు చెల్లించే మొత్తంలో 5 శాతం మించనక్కర్లేదని అందులో ఉంది. బీమా, ఆరోగ్యం, వృద్ధాప్య రక్షణ లాంటివి ఆ నిధి నుంచి అందాలి. మంచి అడుగే. అయితే ఒక్కో ఆర్డరుకి కనీసం ఇంత చెల్లించాలని ఆ స్మృతిలో ఎక్కడా లేదు.

వీధి ఊడ్చే అమ్మని చూసి కార్పొరేషన్ ఉద్యోగి అనుకుంటాం. నిజానికి పారిశుద్ధ్య కార్మికుల్లో చాలామంది ఔట్‌సోర్సింగ్‌లో పనిచేసేవాళ్ళే. 2023 డిసెంబరు చివర్లో రాష్ట్రమంతటా మునిసిపల్ కార్మికులు సమ్మెకు దిగి, జనవరి దాకా కొనసాగించినప్పుడు వీధి మలుపుల్లో చెత్త గుట్టలు పడ్డాయి. రోజూ తెల్లవారకముందే ఎవరో వచ్చి ఊడుస్తున్నారన్న సంగతి చాలా ఇళ్ళకి అప్పుడే గుర్తొచ్చింది.

ఇక అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌కీ, ఇంట్లో అంట్లు తోమే అమ్మకీ జీతం ఇచ్చేది సాక్షాత్తూ మనమే. అక్కడ "జీతం తీసుకుంటున్నారుగా" అనేముందు ఆ జీతం ఎంత, సెలవు ఎన్ని రోజులు అని మనల్ని మనమే ప్రశ్నించుకోవాలి. ఇంటి పనివాళ్ళ కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒడంబడిక చేసింది. వారానికి ఒకసారి వరుసగా 24 గంటల విశ్రాంతి ఇవ్వాలని అందులో రాసి ఉంది. మన దేశం దాన్ని ఆమోదించలేదు. ఆమోదించకపోయినా మన ఇంట్లో ఆదివారం సెలవిస్తే అడ్డొచ్చేవాళ్ళు లేరు.

మామూలు అనే పాత లెక్క

దసరా వస్తే తలుపు తట్టేవాళ్ళు పెరుగుతారు. చెత్త బండి వాళ్ళు, పోస్టుమాన్, గ్యాస్ అబ్బాయి, వీధి లైట్లు చూసే మనిషి. "పండగ మామూలండీ" అంటారు. కొందరు నవ్వుతూ ఇస్తారు, కొందరు తలుపు వేసుకుంటారు. ఈ ఆచారం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తే విసుగు కొంత తగ్గుతుందని నా నమ్మకం.

పూర్వం మన పల్లెల్లో బట్టలు ఉతికేవారికీ, క్షౌరం చేసేవారికీ, కొలిమి పని, వడ్రంగం చేసేవారికీ నెల జీతాలు ఉండేవి కావు. కుప్పలు నూర్చాక కళ్ళంలోనే రైతు కొలిచి ఇచ్చే గింజల వాటా ఉండేది. దాన్ని మేర అనేవారు. ఏడాది పొడవునా చేసిన చాకిరీకి అదే కూలి. పండక్కి పాత బట్టలో కొత్త బట్టలో, పెళ్ళికి కట్నమో దానికి తోడు. బడిపంతులు సైతం దసరాకి పిల్లల్ని వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి కానుకలు తీసుకునేవారు. అంటే పండగ మామూలు పుట్టడమే కూలిలో ఒక భాగంగా పుట్టింది. రావలసిన సొమ్మునే చెయ్యి చాచి అడిగి తీసుకోవాల్సి రావడం ఆ పద్ధతిలోని అన్యాయం. ఇచ్చే ఇల్లు ఎప్పుడూ అరుగు పైన, తీసుకునే మనిషి ఎప్పుడూ అరుగు కింద. ఎవరు పైనో ఎవరు కిందో కులమే నిర్ణయించేది.

కళ్ళాలు పోయాయి, మేర పోయింది. అరుగు మాత్రం మన ప్రవర్తనలో మిగిలింది. వేరే ఎవరో జీతమిచ్చే మనిషి దగ్గర కూడా మనం దాతల్లా నిలబడతాం. ఇచ్చే వంద రూపాయలకి బదులుగా కాస్త వినయం ఆశిస్తాం. నేనైతే ఏడాదంతా మన కోసం వచ్చేవాళ్ళకి పండగ డబ్బు ఇవ్వాలనే అంటాను. ఆఫీసులో మనం బోనస్ తీసుకునేటప్పుడు ఎలా ఉంటామో, వాళ్ళూ అలాగే తల ఎత్తుకుని తీసుకునేలా ఇవ్వాలి. రేపు రా, ఎల్లుండి రా అని తిప్పించకుండా, అడగకముందే కవర్లో పెట్టి చేతికివ్వడం పెద్ద కష్టమేం కాదు.

ఇక్కడ ఒక గీత గీయాలి. పని సవ్యంగా అయిపోయాక, ఇవ్వకపోయినా ఏమీ ఆగదని తెలిసి మనసారా ఇచ్చేది టిప్. ఇవ్వకపోతే స్ట్రెచర్ కదలదు, ఫైలు కదలదు అన్నప్పుడు ఇచ్చేది లంచం. రెండోదాన్ని దయ ఖాతాలో రాసుకోకూడదు. దాని వల్ల మన తర్వాత వరసలో నిలబడ్డ పేదవాడికి ధర పెరుగుతుంది.

ఆ గీత మీదే కూర్చున్న సమస్య గ్యాస్ బండ. ఇంట్లో వాడే బండలో గ్యాసే 14.2 కిలోలు. ఇనుముతో కలిపి దాదాపు 30 కిలోలు ఉంటుంది. బిల్లు మీద వేసిన ధరలోనే ఇంటికి తెచ్చే ఖర్చు కలిసి ఉంది. మనమే గోడౌనుకి వెళ్ళి తెచ్చుకుంటే ఆ ఖర్చు తగ్గించి ఇవ్వాలన్న నిబంధన కూడా ఉంది. కాబట్టి పైన ఇంకో ముప్పై, యాభై అడిగే హక్కు లేదు. ఇంతవరకు నియమం. ఇప్పుడు విద్యాధరపురంలోనో మొగల్రాజపురంలోనో కొండ వాలు మీది ఇంటిని తలుచుకోండి. ఆటో కింద రోడ్డు దగ్గరే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి సన్నటి మెట్లు, ఇరుకు మలుపులు, మధ్యలో ఎవరింటి ముందో ఆరేసిన బట్టలు. భుజం మీద 30 కిలోలు. రోడ్డు పక్కనున్న ఇంటికీ ఈ ఇంటికీ నియమం ఒకటే, మోసే ఒళ్ళుకి మాత్రం ఒకటి కాదు.

నా అభిప్రాయం ఇది. బండి గుమ్మం దాకా వచ్చే ఇళ్ళవాళ్ళు బిల్లు ధర ఇచ్చి, ఎక్కువ అడిగితే "బిల్లు ప్రకారమే ఇస్తాను బాబూ" అని గొంతు పెంచకుండా చెప్పొచ్చు. ఏజెన్సీ పద్ధతే అలా ఉంటే ఫిర్యాదు ఏజెన్సీ మీద వెళ్ళాలి, ఆ కుర్రాడి మీద కాదు. కొండ మీదివాళ్ళు, లిఫ్టు లేని మూడో అంతస్తువాళ్ళు ఇచ్చే అదనపు సొమ్ము టిప్ కిందికి రాదు, కూలి కిందికే వస్తుంది. ధరలో లెక్కకు రాని చాకిరీకి ఇచ్చే డబ్బు అది. 20 లీటర్ల మంచినీళ్ళ టిన్ను పైకి మోసేవాళ్ళకీ ఇదే లెక్క.

హోటల్లో మరో తిరకాసు ఉంది. బిల్లు చివర సర్వీస్ చార్జి అని కనిపిస్తే అది ప్రభుత్వ పన్నని చాలామంది భ్రమపడతారు. పన్ను జీఎస్టీ ఒక్కటే. సర్వీస్ చార్జిని బిల్లులో దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలిచ్చింది. వాటిని 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. వేస్తే తీసెయ్యమని అడగొచ్చు, తీయకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. ఆ చార్జి సప్లయర్‌కి చేరుతుందో లేదో మనకి తెలిసే దారి లేదు. వడ్డించిన మనిషికి ఇవ్వాలనిపిస్తే అతని చేతికే ఇవ్వడం మేలు. అడిగితే ఇంకో గరిటె సాంబారు వేసిన మనిషి ముఖం చూసి ఇస్తాం కాబట్టి ఎంత ఇవ్వాలో కూడా తెలుస్తుంది.

తొందర చేసే పని

మర్యాద లేకపోవడం అనగానే స్వభావం మీదికి పోతాం. "వాళ్ళకి పొగరు" అంటాం. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో జరిగి, 1973లో అచ్చైన ఒక ప్రయోగం దీన్ని వేరేగా చూపించింది. మతబోధకులు కాబోయే విద్యార్థుల్ని పక్క భవనానికి వెళ్ళి ప్రసంగం చేయమన్నారు. దారిలో ఒక మనిషి గుమ్మం దగ్గర కూలబడి దగ్గుతూ మూలుగుతూ ఉండేలా ఏర్పాటు చేశారు. తీరిక ఉందని చెప్పి పంపినవాళ్ళలో 63 శాతం మంది ఆగి సాయం చేశారు. ఆలస్యమైపోయింది, పరుగెత్తమని చెప్పినవాళ్ళలో ఆగింది 10 శాతం. కొందరు చేయబోయే ప్రసంగం దారిలో పడి ఉన్నవాడికి సాయం చేసిన బైబిల్ కథ గురించే. అయినా చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

ఇది చదివాక నాకు మన గుమ్మాలు గుర్తొచ్చాయి. బయటి మనిషిని యాప్ గడియారం తరుముతోంది. లోపల మనం మీటింగులోనో పిల్లల హోంవర్కులోనో ఉన్నాం. ఇద్దరి తొందర ఒకచోట ఢీకొన్నప్పుడు మాట గట్టిగా వస్తుంది. అందుకని మర్యాదని ఆ నిమిషంలోని మూడ్‌కి వదిలేయకుండా, ముందే కొన్ని పనులు చేసి పెట్టుకోవాలి.

మొదటిది చిరునామా. గుంటూరు బ్రాడీపేటలో, అరండల్‌పేటలో 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. తెలిసినవాళ్ళకి ఇంతకంటే తేలికైన చిరునామా దేశంలో ఉండదు. పొరుగూరి నుంచి వచ్చి మ్యాప్ చూసుకుంటూ బండి నడిపే కుర్రాడికి మాత్రం అది లెక్కల పుస్తకంలోని భిన్నంలా కనిపిస్తుంది. బెజవాడలో కాగితం మీద మహాత్మాగాంధీ రోడ్డు, జనం నోట బందరు రోడ్డు. పాత పేటల్లో గీతలు పెట్టి రాసే డోర్ నంబర్లు పక్క సందులోకి వెళ్ళేసరికి ఎటు పోతాయో ఊరివాళ్ళకే అంతుబట్టదు. యాప్‌లో పిన్ సరిగ్గా మన గేటు మీద పెట్టి, "రామాలయం ఎదురు సందు, నీలం గేటు" అని ఒక్క ముక్క రాస్తే ఏడాది పొడవునా వచ్చే ప్రతి మనిషికీ ఐదేసి నిమిషాలు మిగులుతాయి. నన్నడిగితే ఇరవై రూపాయల టిప్ కంటే ఇది పెద్దది. ఎండలో ఐదు నిమిషాలంటే ఏమిటో బండి మీద తిరిగే ఎవరినైనా అడగండి.

తర్వాత ఫోను. ఆర్డరు పెట్టాక ఫోన్ సైలెంట్‌లో పెట్టి స్నానానికి వెళ్ళకపోవడం. ఓటీపీ చూసి పెట్టుకోవడం. డబ్బు చేతికివ్వాలంటే చిల్లర తీసి ఉంచడం. గేటు దగ్గర వాచ్‌మన్‌కి ముందే చెప్పడం. ఇవన్నీ చెప్పుకోవడానికి చిన్నవిగా అనిపిస్తాయి కానీ, ఆర్డరు లెక్కన బతికే మనిషికి ఇవే రోజు కూలి.

బస్సులోనూ ఇంతే. 2025 ఆగస్టు 15న మహిళలకు ఉచిత ప్రయాణం, స్త్రీ శక్తి పథకం మొదలయ్యాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో రద్దీ పెరిగింది. డబ్బు తీసుకోకపోయినా కండక్టరు ప్రతి ఒక్కరి గుర్తింపు కార్డు చూసి జీరో టికెట్ కొట్టాల్సిందే. నిలబడే చోటు లేని బస్సులో, ఒక చెయ్యి కమ్మీ మీద, ఇంకో చెయ్యి మిషను మీద పెట్టి ఆ పని చేయాలి. మనం కార్డు సంచి అడుగు నుంచి వెతుకుతుంటే వెనక పది మంది అరిచేది కండక్టరు మీదే. నెహ్రూ బస్టాండులో బస్సెక్కేటప్పుడే కార్డు చేతిలో పట్టుకుంటే ఆ అరుపుల్లో సగం ఉండవు.

సంచి విప్పే చేతులు

చెత్త దగ్గర మన దయకి అసలైన పరీక్ష ఉంది. ఎందుకంటే అక్కడ మనల్ని ఎవరూ చూడరు.

2021 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందౌర్, సూరత్‌ల తర్వాత విజయవాడ మూడో స్థానంలో నిలిచింది. ఊరంతా గర్వపడింది. ఆ ర్యాంకు వెనక ఉన్నది ఎవరి వేళ్ళో ఆలోచించాలి. తడిచెత్త, పొడిచెత్త, ఇంట్లోని ప్రమాదకరమైన చెత్త ఇంటివాళ్ళే విడదీసి ఇవ్వాలని 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు చెప్పాయి. డైపర్లు, శానిటరీ ప్యాడ్లు గట్టిగా చుట్టి విడిగా ఇవ్వాలనీ చెప్పాయి. మనం విడదీయకపోతే ఆ పని ఆగదు. డంపింగ్ యార్డులో మరో మనిషి చేత్తో విడదీస్తారు. మురిగిన పులుసు కూర మధ్యలో పగిలిన గాజు ముక్క ఉంటే అది తెలిసేది వేలు తెగాకే.

అందుకే నా దృష్టిలో ఒక పారిశుద్ధ్య కార్మికురాలికి మనం చూపగల అన్నిటికంటే పెద్ద గౌరవం, చెత్తని సరిగ్గా కట్టి ఇవ్వడం. పగిలిన గ్లాసుని పాత పేపర్లో మడిచి, అట్టపెట్టెలో పెట్టి, పైన "గాజు" అని రాయండి. షుగరున్నవాళ్ళ ఇంట్లో ఇన్సులిన్ సూదులు ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించండి. ప్యాడ్లు కాగితంలో చుట్టి విడిగా పెట్టండి. బ్లేడుని ఏమీ చుట్టకుండా తడిచెత్తలో వేయకండి. చెత్త సంచిని రెండో అంతస్తు బాల్కనీ నుంచి బండిలోకి విసిరే అలవాటు కొన్ని వీధుల్లో ఉంది. అది మానేయాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ చుట్టుపక్కల రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి. ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. నీళ్ళు తీశాక ప్రతి ఇంట్లో మోకాలి కింద దాకా బురద, కుళ్ళిన బియ్యం, తడిసిన పరుపులు. రాష్ట్రంలోని వేరే ఊళ్ళ నుంచి పారిశుద్ధ్య కార్మికులు వచ్చారు, ఫైరింజన్లతో ఇళ్ళు కడిగారు. అప్పుడు వాళ్ళకి జనం దండం పెట్టారు. ఆ దండం నిజమైనదే. ఆ కృతజ్ఞతని మామూలు మంగళవారం పొద్దున కూడా నిలబెట్టేది విడివిడిగా కట్టిన సంచులే.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. మన సెప్టిక్ ట్యాంకు నిండితే మనిషిని లోపలికి దించనివ్వకండి. విషవాయువు ఒక్క నిమిషంలో ప్రాణం తీస్తుంది, కాపాడటానికి దిగిన రెండో మనిషినీ తీస్తుంది. పాకీపనిని నిషేధించిన 2013 చట్టం రక్షణ పరికరాలు లేకుండా మురుగు ట్యాంకుల్లోకి దించడాన్ని కూడా నేరమంది. అలాంటి మరణాలకి పరిహారం 30 లక్షలకి పెంచుతూ సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో తీర్పు ఇచ్చింది. ఈ పోరాటం నడిపిన వాళ్ళలో ముందువరసలో ఉన్న బెజవాడ విల్సన్‌కి 2016లో మెగసెసే అవార్డు వచ్చింది. "ఐదొందలిస్తే దిగుతాడండీ" అని ఎవరైనా అంటే, మెషీన్ బండి వచ్చేదాకా ఆగుతామని చెప్పండి. ఆ ఒక్క రోజు ఇబ్బంది పడదాం.

పిలుపు, గ్లాసు, లిఫ్టు

తన తండ్రి వయసున్న ఆటో డ్రైవర్ని పదిహేనేళ్ళ పిల్లాడు "నువ్వు" అనడం మన వీధుల్లో వింతగా కనిపించదు. బ్యాంకు మేనేజరు ఇరవై ఐదేళ్ళ కుర్రాడైనా "మీరు" అంటాం. పిల్లలు దీన్ని పుస్తకంలో చదివి నేర్చుకోరు, మనం గేటు దగ్గర మాట్లాడేది విని నేర్చుకుంటారు. అన్నా, అక్కా, బాబాయ్, అమ్మా అనే వరసలు మనకి ఎలాగూ ఉన్నాయి. పెద్దవాళ్ళకి "అండీ" ఉంది. పేరు తెలిస్తే ఇంకా మంచిది. రోజూ వచ్చే మనిషి పేరు అడగడానికి మొదటి నెల దాటకూడదు.

గ్లాసు సంగతి ఇంతకంటే లోతైనది. పని చేసే అమ్మకి విడిగా ఒక స్టీలు గ్లాసు, విడిగా ఒక పళ్ళెం గట్టు కింద పెట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. "శుభ్రత కోసం" అంటారు. ఆ ఇంటి గ్లాసులన్నీ తోమేది ఆమే. ఇది శుభ్రతకి సంబంధించింది కాదని అందరికీ తెలుసు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని ఏ రూపంలో పాటించినా నిషేధించింది. గోరాగారు నాస్తిక కేంద్రాన్ని 1947లో ముదునూరు నుంచి పటమటకి తెచ్చి, అన్ని కులాలవాళ్ళతో సహపంక్తి భోజనాలు పెట్టించిన ఊరు ఇది. అదే ఊళ్ళో గట్టు కింద గ్లాసు ఇంకా ఉండటం నన్ను నిజంగా బాధపెడుతుంది. నీళ్ళు ఇవ్వడం దయ అనుకుంటే, అందరూ తాగే గ్లాసులో ఇవ్వడం దాని మొదటి షరతు. కొన్ని అపార్ట్‌మెంట్లలో డెలివరీ వాళ్ళూ పనివాళ్ళూ లిఫ్టు ఎక్కకూడదని పెట్టే బోర్డులూ ఆ గ్లాసుకి బంధువులే.

బట్టల షాపుల్లో అమ్మాయిలది వేరే కష్టం. బీసెంట్ రోడ్డులోగానీ గుంటూరు షాపుల్లోగానీ పొద్దున తెరిచినప్పటి నుంచి రాత్రి మూసేదాకా చాలా వరకు నిలబడే ఉంటారు. కూర్చునే హక్కు కోసం కేరళ 2018లో, తమిళనాడు 2021లో తమ దుకాణాల చట్టాలు సవరించాయి. చీరలు చూడటం తప్పు కాదు, చూపించడం వాళ్ళ పనే. కొనేది లేదని మనకి తేలిపోయాక కూడా ఇంకో పది విప్పించడం మాత్రం ఆ కాళ్ళకి భారం. షాపు యజమాని తెలిసినాయనైతే "అమ్మాయిలకి స్టూళ్ళు వేయించండి" అని అడగొచ్చు. కస్టమర్ అడిగితే వినపడే మాట అది.

ఫిర్యాదూ మెచ్చుకోలూ

మంచిగా ఉండటమంటే నోరు మూసుకుని భరించడం అని ఎవరూ అనుకోకూడదు. చల్లారిన ఇడ్లీ వస్తే అడగాలి. ఎవరిని అడుగుతున్నామో చూసుకోవాలి, అంతే. ఇడ్లీ వండింది హోటల్, దారి నిర్ణయించింది యాప్, సంచి పట్టుకుని నిలబడింది కుర్రాడు. మన కోపానికి అందుబాటులో ఉన్నది అతనొక్కడే కాబట్టి అతని మీద పడుతుంది. కౌంటరులో, కాల్ సెంటర్లో కూర్చునేవాళ్ళదీ ఇదే స్థితి. నియమం మార్చే అధికారం వాళ్ళకి ఉండదు, ఆ నియమానికి తిట్లు తినే బాధ్యత మాత్రం వాళ్ళది. "ఇది మీ తప్పు కాదని తెలుసు, పైవాళ్ళకి ఎలా చెప్పాలో చెప్పండి" అని మొదలుపెడితే పని కూడా త్వరగా అవుతుంది. రేటింగు ఇచ్చేటప్పుడు భోజనానికి వేరుగా, తెచ్చిన మనిషికి వేరుగా ఆలోచించండి. "ఫర్వాలేదు" అనుకుని మనం కొట్టే మూడు స్టార్లు అతనికి పరీక్ష తప్పినట్టే.

మెచ్చుకోవడంలో మనకి బిడియం ఎక్కువ. "అంత మాత్రానికి థాంక్స్ ఏంటి, ఏమనుకుంటారో" అనిపిస్తుంది. 2018లో అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే ఇద్దరు పరిశోధకులు దీన్నే పరీక్షించారు. కృతజ్ఞత చెబుతూ ఉత్తరం రాసినవాళ్ళు, అందుకునేవాళ్ళు ఇబ్బంది పడతారేమోనని లేనిపోనిది ఊహించారు. వాళ్ళకి కలిగే సంతోషాన్ని మాత్రం తక్కువగా లెక్కేశారు. అందుకున్నవాళ్ళు రాసినవాళ్ళు ఊహించిన దానికంటే ఎక్కువ ఆనందించారు. మన బిడియం లెక్క తప్పన్నమాట. మెచ్చుకునేటప్పుడు ఏం బాగుందో చెప్పండి. "మా అమ్మగారు మెట్టు దిగేదాకా బస్సు ఆపారు" అని కండక్టరుకి చెప్పి, అదే మాట డిపో మేనేజరుకి తేదీ, బస్సు నంబరు వేసి నాలుగు లైన్లు రాసి ఇవ్వండి. తిట్టడానికి రాసే ఉత్తరాల మధ్య అలాంటిది ఒక్కటి వెళ్ళినా ఆ ఉద్యోగి ఫైల్లో ఉండిపోతుంది.

మాట మాత్రం జీతానికి బదులు కాదు. నిలబడే మనిషికి కుర్చీ, రోజంతా తిరిగే మనిషికి టాయిలెట్, ఎండలో పనికి నీడ, వారానికో సెలవు, ఇవి ఒక్క ఇంటి మంచితనంతో వచ్చేవి కావు. కానీ మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. ఎండాకాలం ఊరి కూడళ్ళలో చలివేంద్రం పెట్టే అలవాటు మనకి ఉండనే ఉంది. అలాగే అపార్ట్‌మెంటు సెల్లారులో ఉన్న టాయిలెట్ డెలివరీ వాళ్ళకీ, వీధి ఊడ్చే అమ్మలకీ తెరిచి పెట్టాలని అసోసియేషన్ ఒక్క తీర్మానం చేస్తే చాలు.

వాచ్‌మన్ సెలవు సంగతి కూడా అసోసియేషన్ చేతిలోదే. మన దగ్గర చాలా అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ సెల్లారులో చిన్న గదిలో భార్యాపిల్లలతో ఉంటాడు. రాత్రి పన్నెండింటికి గేటు తీసేదీ, తెల్లవారుజామున మోటారు వేసేదీ అతనే. ఊళ్ళో పెళ్ళికి వెళ్ళాలంటే పది మందిని బతిమాలుకోవాలి. 30 ఫ్లాట్లు ఉన్నాయనుకుందాం. నెలకి నాలుగు రోజులు బదులు మనిషిని పెడితే, రోజుకి 600 చొప్పున 2,400 రూపాయలు. ఒక్కో ఫ్లాటుకి 80 రూపాయలు పడుతుంది. వచ్చే నెల మెయింటెనెన్స్ మీటింగులో రంగుల గురించి, సీసీ కెమెరాల గురించి మాట్లాడాక ఈ లెక్క కూడా కాగితం మీద పెట్టండి. వద్దనేవాళ్ళు ఒకరిద్దరు ఉండొచ్చు. వాళ్ళ వాటా 160 రూపాయలు మిగతావాళ్ళు పంచుకున్నా మనిషికి ఆరు రూపాయలు దాటదు.